కంపెనీ లేకపోయినా బిల్లు రాయొచ్చు: చాకీ, ఆకు, మొక్కలు ఇచ్చే రైతులకు ఒక పాఠం



పోయిన పాఠంలో పురుగుల ఇంటికి మందు కొట్టే క్రమం చూసుకున్నాం. ఈసారి పాఠం పురుగుల మీద మనకు రావాల్సిన డబ్బు గురించి.

మన గ్రూపులో చాలామంది గూళ్ళు పండించడం ఒక్కటే చేయడం లేదు. కొందరు చాకీ కట్టి చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తున్నారు. కొందరు తోట ఆకు అమ్ముతున్నారు, మల్బరీ నర్సరీ పెట్టి మొక్కలు ఇస్తున్నారు. కొమ్మ కత్తిరించే మిషన్ బాడుగకు ఇచ్చేవాళ్ళున్నారు, చంద్రికలు కొని అమ్మేవాళ్ళున్నారు. అందరివీ ఒక్క మనిషి తన పేరు మీద చేసుకునే పనులే. కంపెనీ లేదు, బోర్డు లేదు, గుమాస్తా లేడు.

గూళ్ళు గూళ్ళ మార్కెట్‌కు తీసుకుపోతే తూకం చీటీ వస్తుంది, ధర రాసి ఉంటుంది, లెక్క తేలుతుంది. కర్ణాటకలో గూళ్ళు మార్కెట్‌లోనే అమ్మాలని చట్టమే ఉంది. కాబట్టి ఆ లెక్కకు ఒక ఇల్లు ఉంది. చాకీ, ఆకు, మొక్కల లెక్కకు మాత్రం చీటీ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. మనమే రాసుకోవాలి.

"మనకేం కంపెనీ ఉందన్నా బిల్లు రాసేదానికి? రాస్తే జీఎస్టీ వాళ్ళు వస్తారంట కదా?" అని పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. ఆ రెండు ప్రశ్నలకు జవాబే ఈ పాఠం.

*ముందు నా సంగతి*

కొన్నేళ్ళ కిందట నేను చాకీ మొదలుపెట్టిన కొత్తలో, మా పక్క ఊరి ఒకాయనకు 200 లేయింగ్స్ చాకీ పురుగులు ఇచ్చాను. వరసకు మామ అవుతాడు. సగం డబ్బు ముందే ఇచ్చాడు, మిగతాది గూళ్ళు అమ్మినాక ఇస్తానన్నాడు. మామతో కాగితమేంటి అనుకున్నాను. ఆయనా అడగలేదు.

నాలుగో జ్వరం దాటినాక ఆ పురుగులకు సప్పె రోగం తగిలింది. ఆకు తినడం మానేసి, మెత్తబడి, నల్లబడి రాలిపోయాయి. పంటలో చేతికొచ్చింది కాలు భాగం కూడా లేదు. ఆయన మా ఇంటికి వచ్చి, "నువ్విచ్చిన పురుగులే బాగాలేవు అల్లుడూ, నేనెందుకియ్యాల మిగతా డబ్బు?" అన్నాడు. "అవే పురుగులు ఇంకా ముగ్గురికి ఇచ్చినాను మామా, వాళ్ళ పంట బాగుంది" అన్నాను. "అవే అని ఎట్ట చెప్తావు? చూపించు" అన్నాడు.

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ వారం నా చాకీ ఇంట్లో రెండు లాట్ల గుడ్లు ఉన్నాయి. ఎవరికి ఏ లాట్ పోయిందో నాకు గుర్తే తప్ప రాత లేదు. నా గుర్తు నాది, ఆయన గుర్తు ఆయనది. ఆయన అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా నమ్మాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని మిగతాదాంట్లో సగం ఇప్పించారు. ఆయనకు ఇచ్చినందుకు బాధ, నాకు సగం పోయినందుకు బాధ. ఆ ఏడు వాళ్ళింట్లో జరిగిన పెళ్ళికి మాకు పిలుపు రాలేదు.

పోయిన డబ్బు తర్వాతి రెండు బ్యాచ్‌లలో వచ్చేసింది. పిలుపు రావడానికి చాలా కాలం పట్టింది. బిల్లు అంటే పన్నుల వాళ్ళ కోసం రాసే కాగితం అనుకుంటాం. మొదట అది మన ఇద్దరి మధ్య మాట నిలబడడానికి రాసే కాగితం.

*1. ఎవరు రాయొచ్చు?*

ఎవరైనా రాయొచ్చు. సరుకు అమ్మినవాడు, పని చేసినవాడు, తన పేరు మీద బిల్లు రాసి డబ్బు అడగడానికి కంపెనీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చట్టం కళ్ళకు మీరు సొంత వ్యాపారం చేసుకునే వ్యక్తి, అంతే. మీ పేరే మీ వ్యాపారం పేరు.

"శ్రీ లక్ష్మీ చాకీ కేంద్రం" అని ఒక పేరు పెట్టుకోవాలని ఉంటే పెట్టుకోండి. కానీ దాని కింద మీ సొంత పేరు తప్పకుండా రాయండి. ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి.

ఒకటి, పేరు చివర "లిమిటెడ్" అని గానీ "ప్రైవేట్ లిమిటెడ్" అని గానీ రాయకూడదు. రిజిస్టర్ అయిన కంపెనీలకే ఆ మాట. కానివాళ్ళు వాడితే కంపెనీల చట్టం కింద జరిమానా ఉంది.

రెండు, మీ బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉంటే బిల్లు కూడా ఆ పేరు మీదే ఉండాలి. కేంద్రం పేరు మీద చెక్కు రాసిచ్చారనుకోండి, ఆ పేరుతో ఖాతా లేకపోతే బ్యాంకు దాన్ని వేయదు. పాసు పుస్తకంలో మీ పేరు ఎలా ఉందో, ఇంటిపేరుతో సహా, బిల్లులో అలాగే రాయండి.

చాకీ వాళ్ళకు ఇంకో మాట. కంపెనీ అక్కర్లేదన్నాను గానీ, చాకీ పురుగులు పెంచి అమ్మేవాళ్ళకు సెంట్రల్ సిల్క్ బోర్డు చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంది. అది వ్యాపారం పేరుకు కాదు, విత్తనం నాణ్యతకు. 2006లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు గుడ్లు తయారుచేసేవాళ్ళు, చాకీ కట్టేవాళ్ళు, గుడ్లు అమ్మేవాళ్ళు అందరూ దాని కిందికి వచ్చారు. ఆ నంబరు ఉంటే బిల్లు మీద రాయండి, తీసుకునే రైతుకు ధైర్యం వస్తుంది. లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

*2. జీఎస్టీ భయం*

బిల్లు రాసినంత మాత్రాన జీఎస్టీ రాదు. ఏమి అమ్ముతున్నాం, ఎంత అమ్ముతున్నాం, ఎక్కడికి అమ్ముతున్నాం అన్నదాన్ని బట్టి వస్తుంది.

పట్టుపురుగుల గుడ్లు, గూళ్ళు, ముడి పట్టు మీద జీఎస్టీ లేదు. బతికున్న పురుగులు, నారు మొక్కలు కూడా పన్ను లేని జాబితాలోనే ఉన్నాయి. సొంత పొలంలో పండించిన పంట అమ్మే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోనక్కర్లేదని చట్టమే చెబుతుంది. తోట ఆకు అమ్మేవాళ్ళు అందులోకి వస్తారు. పురుగుల పెంపకానికి నేరుగా సంబంధించిన పనులు, సాగుకు కూలీలను పంపడం, సాగు మిషన్లు బాడుగకు ఇవ్వడం, వీటికీ మినహాయింపు ఉంది. మీరు చేసేవన్నీ ఇలాంటి పన్ను లేని పనులే అయితే ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

పన్ను ఉన్న సరుకు చేర్చినప్పుడే లెక్క మారుతుంది. ప్లాస్టిక్ చంద్రికలు, ట్రేలు, పురుగుల ఇంటికి కొట్టే మందులు, ఇవి కొని అమ్మితే అది పన్ను ఉన్న వ్యాపారం. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాలో సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ 20 లక్షలే. పన్ను ఉన్న పని, అంటే సర్వీసు, చేసేవాళ్ళకు ఈ చోట్లన్నిటిలో 20 లక్షలు. ఈ హద్దు లెక్కేసేటప్పుడు పన్ను లేని అమ్మకం కూడా కలుపుతారు. చాకీ మీద వచ్చిందీ చంద్రికల మీద వచ్చిందీ రెండూ కూడితే ఎంత అన్నది చూసుకోవాలి.

సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఇది మరీ గమనించండి. పన్ను ఉన్న సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే 40 లక్షల మినహాయింపు ఉండదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హోసూరు నుంచి ఆనేకల్‌కు బండి పోతే మనకు పక్క ఊరే. చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం. ప్లాస్టిక్ చంద్రికలు అలా అమ్మితే చిక్కు. చాకీ పురుగులు, మొక్కలు అలా ఇస్తే ఈ చిక్కు లేదు.

రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు చేయకూడని పని ఒక్కటుంది. బిల్లులో "జీఎస్టీ ఇంత శాతం" అని వేసి వసూలు చేయకూడదు. వేరేవాళ్ళ జీఎస్టీ నంబరు వాడుకోవడం మరీ తప్పు. కాగితం పైన "ట్యాక్స్ ఇన్‌వాయిస్" అని రాయొద్దు, ఆ పేరు రిజిస్టర్ అయినవాళ్ళది. "బిల్లు" అని రాస్తే చాలు. కింద ఒక వాక్యం చేర్చండి: "నేను జీఎస్టీ కింద రిజిస్టర్ కాలేదు, ఈ బిల్లులో పన్ను వసూలు చేయలేదు." రైతు సంఘానికో, ఉత్పత్తిదారుల కంపెనీకో బిల్లు ఇచ్చినప్పుడు వాళ్ళ లెక్కలు రాసే మనిషి ముందు వెతికేది ఈ వాక్యాన్నే.

*3. బిల్లులో ఏముండాలి?*

స్టేషనరీ అంగట్లో కార్బన్ పెట్టి రాసే డూప్లికేట్ బిల్లు పుస్తకం దొరుకుతుంది. అది చాలు. పై కాగితం వాళ్ళకు, కింది కాగితం మనకు. చాకీ బిల్లు నమూనా ఒకటి కింద ఇస్తున్నాను. ధరలు లెక్క తెలియడానికి వేసుకున్నవి, మీ ఊరి ధర మీరు వేసుకోండి.

బిల్లు
నంబరు: 27, 2025-26
తేదీ: 12-08-2025
ఇచ్చినవారు: (మీ పేరు, ఊరు, తాలూకా, ఫోన్)
చాకీ రిజిస్ట్రేషన్ నంబరు: (ఉన్నది రాయండి)
తీసుకున్నవారు: (రైతు పేరు, ఊరు, ఫోన్)
సరుకు: రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు, డబుల్ హైబ్రిడ్
గుడ్ల కేంద్రం, లాట్ నంబరు: (గుడ్ల చీటీ మీద ఉన్నది)
బ్రషింగ్ తేదీ: 04-08-2025
అప్పగించిన వేళ: ఉదయం 7 గంటలు
150 లేయింగ్స్, ఒక్కోటి రూ. 40 చొప్పున: రూ. 6,000
బండి బాడుగ: రూ. 400
మొత్తం: రూ. 6,400 (ఆరు వేల నాలుగు వందల రూపాయలు)
ముందు ముట్టింది: రూ. 2,000
బాకీ: రూ. 4,400
కట్టాల్సిన గడువు: 10-09-2025
డబ్బు పంపాల్సిన ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ, యూపీఐ: (మీవి)
నేను జీఎస్టీ కింద రిజిస్టర్ కాలేదు.
పురుగులు చూసి, లెక్క సరిచూసుకుని తీసుకున్నాను. (తీసుకున్నవారి సంతకం)
(మీ సంతకం)

ఇందులో కొన్ని వరసలు ఎందుకున్నాయో చెప్తాను.

నంబరు వరుసగా ఉండాలి. ఏప్రిల్ 1న ఒకటితో మొదలుపెట్టి మార్చి 31 వరకు పోవాలి. తప్పు రాస్తే ఆ కాగితం చించొద్దు. అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచండి. నంబరు మధ్యలో లేకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది.

లాట్ నంబరు, బ్రషింగ్ తేదీ. నా కథలో లేకపోయింది ఇదే. గంటురోగం, అదే పెబ్రిన్, తల్లి చిలక నుంచి గుడ్డులోకి వస్తుంది. గుడ్డులోనే ఉంటే ఆ లాట్ తీసుకున్న ఇళ్ళలో చాలాచోట్ల కనిపిస్తుంది. సప్పె రోగం, పాలరోగం, సున్నకట్టు రోగం ఎక్కువగా ఇంటి శుభ్రత, ఆకు నాణ్యత, వేడి, తేమ వల్ల పెరుగుతాయి. అంటే ఒకే లాట్ నాలుగు ఇళ్ళకు పోయి ఒక్క ఇంట్లోనే పంట పోతే, ముందు ఆ ఇంట్లో కారణం వెతకాలి. నాలుగిళ్ళలోనూ పోతే చాకీ దగ్గర, గుడ్ల దగ్గర వెతకాలి. బిల్లు మీద లాట్ నంబరు ఉంటే ఈ మాట ఇద్దరూ కోపం లేకుండా మాట్లాడుకోవచ్చు. ఆ నంబరు ఇచ్చినవాడిని ఎంత కాపాడుతుందో తీసుకున్నవాడినీ అంతే కాపాడుతుంది.

గడువు. "గూళ్ళు అమ్మినాక" అని రాయొద్దు, తేదీ రాయండి. రెండో జ్వరం దాటిన పురుగు ఇస్తే గూళ్ళు మార్కెట్‌కు పోవడానికి మూడున్నర వారాలు పడుతుంది. దాని మీద నాలుగైదు రోజులు కలిపి గడువు వేస్తే తీసుకున్నవాళ్ళకూ ఇబ్బంది ఉండదు.

మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. 4,400 ముందు ఒక అంకె చేరిస్తే 14,400 అవుతుంది. అక్షరాల్లో అలా చేర్చలేరు.

ఆకు బిల్లు అయితే ఎన్ని కిలోలు, ఏ రకం ఆకు, ఎవరు కోసుకున్నారు, మందు కొట్టిన తేదీ ఏదైనా ఉంటే అది రాయండి. తోటకు మందు కొట్టి పదిరోజులు కాకముందే ఆకు అమ్మి, అవతలివాళ్ళ పురుగులు చస్తే, ఆ తగాదా బాకీ కన్నా పెద్దదవుతుంది. మొక్కల బిల్లు అయితే రకం, వయసు, సంఖ్య రాయండి. మిషన్ బాడుగ అయితే గంటలు, డీజిల్ ఎవరిది, విరిగితే ఎవరిది అన్నది రాయండి.

*4. ఏ భాషలో రాయాలి?*

మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో నేర్చినవాళ్ళం. బిల్లు ఏ భాషలో ఉన్నా చెల్లుతుంది. తీసుకునేవాళ్ళకు చదవను వచ్చే భాషలో రాయడం మేలు. రేపు బ్యాంకులోనో ఆఫీసులోనో చూపించాల్సి వస్తే, ఆ రాష్ట్రం భాషలో ఉంటే పని తొందరగా అవుతుంది. అంకెలు మాత్రం అందరికీ తెలిసిన 1, 2, 3 లోనే వేయండి.

సంతకం చేయలేని పెద్దవాళ్ళుంటే బిల్లు చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, పక్కన ఒక సాక్షి సంతకం తీసుకోండి. చదివి వినిపించకుండా మాత్రం వేలిముద్ర అడగొద్దు. అది మన మర్యాద కాదు.

*5. పంట పోతే ఏంటి?*

పురుగులు ఇచ్చే రోజే ఈ మాట అనుకోవడం అపశకునం అనుకుంటాం. అనుకోకపోతే నాకు జరిగిందే జరుగుతుంది. బిల్లు వెనక నేను ఇప్పుడు మూడు వరసలు రాస్తున్నాను.

పురుగుల్లో తేడా కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి, ఫోటో పంపాలి.
చచ్చిన పురుగులు పారేయకముందు ఇద్దరం కలిసి చూడాలి.
తేలకపోతే నమూనా పట్టుపరిశ్రమ శాఖవారి సాంకేతిక సేవా కేంద్రానికి ఇచ్చి, వాళ్ళు చెప్పిన దానికి కట్టుబడాలి.

పెబ్రిన్ ఉందో లేదో మైక్రోస్కోపు కింద చూస్తే తెలుస్తుంది. మన కంటి లెక్క కన్నా అది నయం. చాకీ ఇచ్చినవాడి తప్పు తేలితే డబ్బు వాపసు ఇవ్వాలి, అది కూడా రాసేయండి. తప్పు ఒప్పుకునే బిల్లును జనం నమ్ముతారు.

*6. బిల్లు వేరు, రసీదు వేరు*

బిల్లు అంటే ఇంత రావాలి అని అడగడం. రసీదు అంటే ఇంత ముట్టింది అని ఒప్పుకోవడం. చాలామంది బిల్లు ఇచ్చేసి, డబ్బు వచ్చాక రసీదు ఇవ్వరు. రెండేళ్ళ తర్వాత "ఇచ్చేశాను" అని వాళ్ళు, "ఇవ్వలేదు" అని మీరు. డబ్బు ముట్టిన రోజే రసీదు రాయండి. 5,000 రూపాయలు దాటి ముట్టినప్పుడు రసీదు మీద 1 రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయాలి.

కొంచెం కొంచెంగా కట్టేవాళ్ళుంటే ప్రతిసారీ బిల్లు కాపీ వెనక "ఈ రోజు ఇంత కట్టాను, ఇంకా ఇంత ఉంది" అని వాళ్ళతోనే రాయించి సంతకం తీసుకోండి. బాకీ వసూలుకు కోర్టుకు పోవాల్సి వస్తే మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. గడువు దాటకముందు బాకీ ఉందని రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. కోర్టు దాకా ఎవరమూ పోకూడదనే నా కోరిక. అయినా ఆ ఒక్క వరస రాత వల్లనే చాలాసార్లు పోకుండా ఉంటాం.

నగదు విషయంలో ఒక హద్దు ఉంది. ఒక మనిషి దగ్గర ఒక్క రోజులో, లేదా ఒకే లావాదేవీకి, 2 లక్షలు గానీ అంతకు పైన గానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నవాళ్ళకే జరిమానా. పెద్ద నర్సరీ ఆర్డర్లు వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

సంఘాలకు, కంపెనీలకు బిల్లు ఇచ్చేటప్పుడు మీ పాన్ నంబరు అడుగుతారు, ఇవ్వండి. పన్ను పట్టుకోవాల్సిన చోట పాన్ లేకపోతే 20 శాతం పట్టుకుంటారు. పాన్ ఉంటే కాంట్రాక్టు పనికి ఒక వ్యక్తి దగ్గర పట్టేది 1 శాతం. పట్టుకున్నది మీ పాన్ ఖాతాలోకి పోతుంది. మీకు కట్టాల్సిన పన్ను లేకపోతే రిటర్ను వేసి వాపసు తీసుకోవచ్చు.

*7. ఆదాయపు పన్ను గురించి ఒక మాట*

ఇది చాలామందికి తెలియదు. మల్బరీ పండించి ఆకు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం. అదే ఆకు పురుగులకు పెట్టి గూళ్ళు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆకు నేల పంట, గూడు పురుగు పంట అన్నమాట. చాకీ అమ్మకం, మిషన్ బాడుగ కూడా వ్యాపార ఆదాయం కిందికే వస్తాయి.

భయపడొద్దు. పన్ను అమ్మకం మీద కాదు, ఖర్చులు పోను మిగిలిన దాని మీద. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టాల్సింది ఏమీ ఉండదు. కానీ 4 లక్షలు దాటితే రిటర్ను మాత్రం వేయాలి.

ఖర్చులు పోను అన్నప్పుడు ఆ ఖర్చులు చూపించాలి కదా. గుడ్లు కొన్న చీటీ, బ్లీచింగ్ పౌడర్ బిల్లు, కరెంటు బిల్లు, కూలీలకు ఇచ్చిన లెక్క, ఇవన్నీ ఒక కవర్లో వేసి పెట్టండి. మనం ఇచ్చే బిల్లు ఎంత ముఖ్యమో, మనం తీసుకునే బిల్లు అంత ముఖ్యం. రేపు షెడ్డు పెంచుకోవడానికి లోను అడిగితే బ్యాంకు మేనేజరు అడిగేదీ ఇదే: ఏడాదికి ఎంత వస్తుంది, దేన్ని బట్టి చెప్తున్నావు? వరుస నంబర్ల బిల్లు పుస్తకం, దానికి సరిపోయే పాసు పుస్తకం ముందు పెట్టగలిగితే, ఆ మాటకు బరువు ఉంటుంది.

*8. "మనవాళ్ళ దగ్గర బిల్లేంటి?"*

ఇదే అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మనం అమ్మేది ఎక్కువగా బంధువులకే, ఊరివాళ్ళకే. బిల్లు పుస్తకం తీస్తే "నన్ను నమ్మవా?" అంటారు.

నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. అందరికీ రాస్తాను. నా తోడబుట్టినవాడికి ఇచ్చినా రాస్తాను. కొందరికి రాసి కొందరికి మానేస్తేనే రాసినవాళ్ళకు అవమానం. అందరికీ రాస్తే అది నా అలవాటు, అంతే. ఎవరైనా "ఎందుకబ్బా" అంటే, "లాట్ నంబరు నీ దగ్గర ఉండాలన్నా, రేపు పురుగుకు ఏమన్నా అయితే నువ్వు నన్ను అడగడానికి" అంటాను. ఆ మాటకు ఇంతవరకూ ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఎందుకంటే అది నిజం.

బాకీ అడగడానికీ బిల్లు పనికొస్తుంది. గడువు దాటిన మూడు రోజులకు వాట్సాప్‌లో బిల్లు ఫోటో పంపి, "అన్నా, 27వ బిల్లు గడువు అయిపోయింది, వీలు చూసుకుని వేయండి" అని ఒక వరస రాయండి. ఇంటి ముందుకు పోయి నిలబడే పని తప్పుతుంది. నలుగురిలో అడగొద్దు, ఈ గ్రూపులో అసలే అడగొద్దు.

*ఈ వారం చేయాల్సిన పని*

ఒకటి, డూప్లికేట్ బిల్లు పుస్తకం ఒకటి తెచ్చుకోండి.
రెండు, పాసు పుస్తకం తీసి మీ పేరు ఎలా ఉందో చూసి, పది కాగితాల మీద ముందే పేరు, ఖాతా రాసిపెట్టుకోండి.
మూడు, ఇప్పటికే నోటిమాట మీద ఉన్న బాకీలు ఎన్నో ఒక కాగితం మీద వేసుకోండి. ఒక్కొక్కరితో మంచిగా మాట్లాడి, లెక్క రాసి ఇద్దరూ సంతకం చేయండి. గొడవ రాకముందే చేయాల్సిన పని ఇది.
నాలుగు, తర్వాతి చాకీ బ్యాచ్ నుంచి లాట్ నంబరు లేకుండా ఒక్క ట్రే కూడా బయటికి పంపొద్దు.

సందేహాలుంటే ఇక్కడే అడగండి. ఏ రాష్ట్రం, ఏమి అమ్ముతున్నారు, ఏడాదికి సుమారు ఎంత అన్నది చెప్తే జవాబు సులువు. పెద్ద మొత్తాలున్నవాళ్ళు మీ ఊరి ఆడిటరును ఒకసారి కలవండి. ఆయనకిచ్చే ఫీజుకు కూడా బిల్లు తీసుకోండి.

చివరగా ఒక మాట. నేను పైన చెప్పిన మామ కూడా ఈ గ్రూపులో ఉన్నాడు. ఈ పాఠం రాసేముందు ఆయనకు ఫోన్ చేసి, "మన సంగతి రాయనా మామా?" అని అడిగాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాయి. కానీ సగం డబ్బు ఇచ్చినానని కూడా రాయి" అన్నాడు. రాశాను మామా. ఈసారి రాతలోనే ఉంది.